వకీలును కళ్లు తెరిచి నమ్ముదాం

(తుర్కయంజాల్ దళితవాడ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

ఇయ్యాల మేం పెద్ద పెద్ద మాటలు చెప్పడానికి రాలేదు. ఒక్క ముచ్చటే చెప్పి పోతం. మన మీద కేసు పడ్డ రోజు మన పక్కన నిలబడే వకీలును ఎట్ల ఎంచుకోవాలి? ఎంచుకున్నాక ఎట్ల కనిపెట్టుకొని ఉండాలి? ఇదే ముచ్చట.

"వకీలు సంగతి చదువుకున్నోళ్లకు గదా, కూలి చేసుకునేటోళ్లం మాకెందుకు" అని మీలో కొందరు అనుకుంటుండొచ్చు. పొద్దున పది గంటలకు ఎల్.బి.నగర్ కోర్టు గేటు కాడ ఒక్క గంట నిలబడి చూడండి. సద్ది సంచిలో పెట్టుకొని, ఆ రోజు కూలి పోగొట్టుకొని, ఇబ్రహీంపట్నం బస్సు దిగి, ఏ హాలుకు పోవాలో తెలియక కనబడ్డ ప్రతి నల్లకోటునూ అడుక్కుంట తిరిగేది ఎవరు? మనవాళ్లే. కోర్టు మనకు దూరం కాదు. కోర్టు సంగతులే మనకు దూరం.

ఈ సాగర్ రోడ్డు పొడుగునా ఏం జరుగుతున్నదో మీకు మేం చెప్పనక్కర లేదు. జొన్న, కంది వేసుకున్న చెలకలు ఇప్పుడు గజాల లెక్కన అమ్ముడుపోతున్నయి. ఔటర్ రింగురోడ్డు వచ్చినంక ఎకరం అన్న మాటే మరిచిపోయిండ్రు. మన తాతలకు సర్కారు ఇచ్చిన అసైన్డ్ భూమిని అమ్మరాదు, కొనరాదు అని 1977 చట్టం చెప్తున్నది. అమ్మరాని భూమిని గుంజుకోవాలంటే భూమి మీద ఉన్న మనిషిని బెదిరించాలి. వెనకట దొర కర్ర పట్టుకొచ్చేటోడు. ఇప్పుడు కర్రతో పని లేదు, ఒక్క కేసు చాలు.

కేసు ఎట్ల వస్తదో చూడండి. కులం పేరు పెట్టి తిట్టిండ్రు, కొట్టిండ్రు అని మనోడు ఠాణాకు పోయి ఫిర్యాదు ఇస్తడు. తిరిగి తిరిగి చెప్పులరిగినంక అట్రాసిటీ కేసు నమోదయితది. మూడో రోజుకు అవతలోళ్లు ఇంకో ఫిర్యాదు పట్టుకొస్తరు. కంచె తెంపిండు, కడీలు ఎత్తుకపోయిండు, చంపుతనని మీదికొచ్చిండు అని. దాన్నే ఎదురు కేసు అంటరు. నిన్నటి దాకా ఫిర్యాదుదారుగా ఉన్న మనిషి ఇయ్యాల ముద్దాయి అయి కూర్చుంటడు. ఆ తర్వాత పెద్దమనుషులు దిగుతరు. "నువ్వు నీది తీస్కో, వాళ్లది వాళ్లు తీస్కుంటరు, ఊర్లె కలిసి బతకాలె గదా" అంటరు. ఎదురు కేసు పెట్టిందే ఈ మాట అనడానికి.

ఇట్లాంటి సమయంల మనకు ఇద్దరితో పని పడతది. మన అట్రాసిటీ కేసును కోర్టులో నడిపేది సర్కారు వకీలు. మన మీద పడ్డ కేసులో మన తరఫున కొట్లాడేటోడిని మాత్రం మనమే చూసుకోవాలి. ఆ మనిషి మంచోడైతే రెండు కేసులూ నిలబడ్తయి. తప్పుడోడైతే రెండూ పోతయి, వాటి వెంట భూమి కూడా పోతది.

మా కండ్ల ముందు జరిగిన ఒక సంగతి చెప్తం. ఊరి పేరు చెప్పం, ఎవరి పేరూ చెప్పం. ఇద్దరు అన్నదమ్ములు. అరెస్టు చేస్తరేమోనని ఠాణా ముందు చాయ్ హోటల్ కాడ బుగులుతో నిలబడ్డరు. ఎవరో ఒక మనిషి వచ్చి భుజం మీద చేయి వేసిండు. "నాకు తెలిసిన లాయర్ సాబ్ ఉన్నడు, రేపు పొద్దటికల్లా పని అయిపోతది" అన్నడు. పదిహేను వేలు తీసుకున్నరు. రసీదు లేదు. ఏమీ నింపని వకాల్తా మీద, ఇంకో నాలుగు తెల్లకాగితాల మీద ఇద్దరితో సంతకాలు పెట్టించుకున్నరు. బెయిలు వచ్చింది, అన్నదమ్ములు సంబరపడ్డరు. ఆ తర్వాత వాయిదా ఎప్పుడో చెప్పినోడు లేడు. ఫోన్ చేస్తే "నేను చూసుకుంట పో" అన్నడు. రెండు వాయిదాలు తప్పినయి. కోర్టు వారంటు ఇచ్చింది. స్లాబ్ పని కాడ సిమెంటు చేతులతోనే తమ్ముణ్ణి పట్టుకపోయిండ్రు. పన్నెండు రోజులు జైల్ల ఉన్నడు. ఆ పన్నెండు రోజుల్లోనే, వాళ్లు సంతకం పెట్టిన తెల్లకాగితాల్లో ఒకటి రాజీ కాగితమై బయటికొచ్చింది. "మమ్మల్ని ఎవరూ తిట్టలేదు, పొరపాటున ఫిర్యాదు ఇచ్చినం" అని దాంట్ల రాసి ఉంది. అప్పుడు మేం ఆరా తీస్తే తెలిసింది, అవతలోళ్ల భూమి కాగితాలు చూసేది కూడా అదే ఆఫీసని.

వేరే వకీలును పెట్టి, ఆ కాగితం మాది కాదని కోర్టుకు రాసిచ్చి, కేసును మళ్లీ గాడిన పెట్టేసరికి ఏడాది పట్టింది. ఇక్కడ మా తప్పు కూడా ఉన్నది, దాచుకోం. కేసు నమోదు చేయాలని మేం ఠాణా ముందు బైఠాయించినం, నినాదాలిచ్చినం, కరపత్రం వేసినం. మీ వకీలు ఎవరని ఆ అన్నదమ్ముల్ని ఒక్కసారి కూడా అడగలేదు. ఠాణా ముందు లొల్లి చేసి ఇంటికి పోతే ఉద్యమం అయిపోయిందనుకున్నం. అసలు పని అప్పుడే మొదలైతదని ఆ పన్నెండు రోజులు మాకు నేర్పినయి.

మిత్రులారా! కోర్టుతో మన జాతికి పరిచయం లేక కాదు. బాబాసాహెబ్ అంబేడ్కర్ స్వయంగా వకీలు. 1923లో బొంబాయిలో ప్రాక్టీసు మొదలుపెట్టారు. అంటరానివాడని పెద్ద కేసులు ఆయన దాకా రానియ్యలేదు. అయినా 1926లో పూనాలో బ్రాహ్మణేతర ఉద్యమ నాయకుల మీద ఒక పుస్తకం గురించి పరువునష్టం కేసు పడి, కింది కోర్టు శిక్ష వేస్తే, అప్పీలులో వాదించి విడిపించింది ఆయనే. మన మీద పెట్టే కేసుకు జవాబు కోర్టులోనే చెప్పొచ్చని ఆనాడే చేసి చూపించారు.

మన తెలుగు నేల మీద బొజ్జా తారకం గారు ఉన్నారు. 1985 జూలై 17న కారంచేడులో ఆరుగురు మాదిగల్ని చంపినప్పుడు ఆయన హైకోర్టులో ప్రభుత్వ ప్లీడరు. సర్కారు పక్కన నిలబడి వాదించడం ఇక నా వల్ల కాదని ఆ పదవికి రాజీనామా చేసి ఉద్యమంలోకి వచ్చారు. మామూలు జనం కోసం 'పోలీసులు అరెస్టు చేస్తే' అని పుస్తకం రాశారు. 2016లో ఆయన పోయారు గాని ఆయన చూపించిన కొలత మిగిలి ఉంది. వకీలు మనవాడా కాదా అని తేల్చేది ఆయన ఏం వదులుకోగలడు అన్న దాన్ని బట్టి.

ఇంకో కేసు గుర్తు చేస్తం. ఇది మింగుడు పడని కేసు. 1993 మార్చి 8న గుంటూరు జిల్లా చిలకలూరిపేట దగ్గర దోపిడీకి పోయినవాళ్లు బస్సుకు నిప్పు పెడితే 23 మంది కాలిపోయారు. ముద్దాయిలు ఇద్దరు పేద దళిత యువకులు. 1995లో సెషన్స్ కోర్టు ఉరి వేసింది. హైకోర్టు అదే ఖాయం చేసింది. 1996లో సుప్రీంకోర్టు కూడా అదే చెప్పింది. రాష్ట్రపతికి పెట్టుకున్న అర్జీ తోసేశారు. 1997 మార్చి 29న రాజమండ్రి జైల్లో ఉరి అని తేదీ పడ్డది. పౌరహక్కుల వాళ్లు, దళిత సంఘాలు, రచయితలు పరిగెత్తి పరిగెత్తి చివరి గంటల్లో సుప్రీంకోర్టు నుంచి స్టే తెచ్చారు. 1998లో రాష్ట్రపతి కె.ఆర్. నారాయణన్ ఉరిని యావజ్జీవంగా మార్చారు.

ఇరవై మూడు ప్రాణాలు పోయినయి, అది చిన్న తప్పు కాదు. ఆ కుటుంబాల ఏడుపు కూడా పేదోళ్ల ఏడుపే. మేం చెప్పేది వేరే మాట. ఉరితాడు కనబడ్డాక దేశం నలుమూలల నుంచి మనుషులు కదిలారు. మొదటి కోర్టులో సాక్షులు చెప్తున్న రోజు ఆ పిల్లల వెనక ఎంతమంది నిలబడ్డరు? కేసులో సాక్ష్యం నమోదయ్యేది కింది కోర్టులోనే. అక్కడ అడగని ప్రశ్నను ఢిల్లీ దాకా పోయి అడగాలంటే కష్టం. అందుకే వకీలును వెతకాల్సింది మొదటి రోజే, చివరి రోజు కాదు.

"తప్పు చేసినోనికి కూడా వకీలెందుకు" అని అడిగేవాళ్లుంటరు. తప్పు చేసిండా లేదా తేల్చేది ఠాణాలో లాఠీ కాదు, కోర్టులో విచారణ. అరెస్టయిన ప్రతి మనిషికీ తనకు నచ్చిన వకీలును పెట్టుకునే హక్కు ఉందని రాజ్యాంగం 22వ అధికరణంలో రాసి ఉంది. ఫలానా కేసులో ముద్దాయికి ఎవరూ వాదించొద్దని బార్ అసోసియేషన్లు తీర్మానం చేయడం చెల్లదని 2010లో సుప్రీంకోర్టు చెప్పింది. మనల్ని కొట్టినోడికి కూడా వకీలు ఉంటడు, ఉండాలె. అది మనం ఒప్పుకుంటం. మన వకీలును వాళ్లు కొనడాన్ని మాత్రం ఒప్పుకోం.

ఇక నమ్మకమైన వకీలును ఎట్ల గుర్తుపట్టాలి? మాకు తెలిసింది ఒక్కొక్కటిగా చెప్తం.

మొదటిది, ఆ వకీలును మన దగ్గరికి ఎవరు తెచ్చిండ్రో చూడండి. ఠాణా కాడ, కోర్టు గేటు కాడ, దవాఖాన కాడ తిరిగే బ్రోకరు తెచ్చిండంటే అక్కడే ఆగండి. మనుషుల్ని పెట్టి కేసులు పట్టుకోవడం వకీలుకు తగదని బార్ కౌన్సిల్ నియమాల్లోనే ఉంది. ఇట్లాంటి బ్రోకర్లను కోర్టు ఆవరణలోకి రానియ్యకుండా జాబితా చేసి శిక్షించొచ్చని 2023లో అడ్వకేట్ల చట్టాన్ని సవరించారు. ఎస్సై గారే "ఫలానా లాయరు దగ్గరికి పో" అని పంపితే ఇంకా జాగ్రత్త. మనల్ని పట్టుకున్నోడే మనల్ని విడిపించేటోణ్ణి చూపిస్తుండంటే దాంట్లో మతలబు ఏంటిదని అడగాలె.

రెండోది, మొహమాటం లేకుండా అడగండి. "సార్, అవతలోళ్లకు మీరు గాని మీ ఆఫీసులోవాళ్లు గాని ఎప్పుడైనా పని చేసిండ్రా?" అని. ఒక గొడవలో ఒక పక్షానికి సలహా ఇచ్చినవాడు అదే గొడవలో రెండో పక్షానికి నిలబడరాదు, అది వాళ్ల నియమమే. మంచి వకీలు ఈ ప్రశ్నకు కోపం తెచ్చుకోడు.

మూడోది, "పక్కా గెలిపిస్త" అనేవాణ్ణి నమ్మొద్దు. జడ్జి నా చేతిలో ఉన్నడు, పీపీ నా దోస్తు అనేవాణ్ణి అసలే నమ్మొద్దు. గెలిస్తే ఇంత, బెయిలు వస్తే అంత అని ఫలితం మీద ఫీజు మాట్లాడుకోవడం నియమాలకు విరుద్ధం. మంచి వకీలు మన కేసులో బలం ఏంటిదో, బలహీనం ఏంటిదో రెండూ చెప్తడు. వినడానికి చేదుగా ఉంటది. ఆ చేదు మాట చెప్పే మనిషే మనకు కావాలె.

నాలుగోది అన్నిటికన్న ముఖ్యం. వకీలును ఆఫీసులో కాదు, కోర్టు హాల్లో చూడండి. కోర్టు అందరికీ తెరిచి ఉంటది. అత్యాచారం వంటి కొన్ని కేసులు తప్ప మిగిలిన విచారణలు ఎవరైనా వెనక బెంచీ మీద కూర్చొని చూడొచ్చు. ఒక్క రోజు కూలి పోయినా సరే, పోయి కూర్చోండి. ఆ వకీలు టైముకు వస్తున్నడా? సాక్షిని తానే అడుగుతున్నడా, జూనియర్‌ను పంపి వాయిదా అడుగుతున్నడా? కేసు కాగితాలు చదివి వచ్చిండా, అప్పుడే తిరగేస్తున్నడా? బయటికొచ్చినంక తన ముసలి కక్షిదారుతో ఎట్ల మాట్లాడుతున్నడు? భూమి కేసుల్లో దిట్ట అయినవాడు క్రిమినల్ కేసుల్లో దిట్ట కావాలని లేదు. గోడ మీద బోర్డు కన్న, కారు కన్న, ఆ ఒక్క పూట ఎక్కువ చెప్తది.

ఐదోది కాగితం. తెల్లకాగితం మీద సంతకం పెట్టొద్దు, వేలిముద్ర వేయొద్దు. వకాల్తాలో ఎవరి కేసు, ఏ కోర్టు, ఏ నంబరు అన్నీ నింపినంకనే సంతకం. ఎఫ్ఐఆర్, రిమాండు రిపోర్టు, బెయిలు ఉత్తర్వు, చార్జిషీటు వీటి నకళ్లు మన ఇంట్ల ఉండాలె. చార్జిషీటు, సాక్షుల వాంగ్మూలాలు ముద్దాయికి ఉచితంగా ఇవ్వాల్సిందే. ప్రతి కేసుకూ పదహారు అక్షరాలు, అంకెలు కలిసిన సిఎన్ఆర్ నంబరు ఒకటి ఉంటది. అది ఉంటే వాయిదా ఎప్పుడో, పోయిన వాయిదాకు ఏమైందో ఈ-కోర్ట్స్ యాప్‌లో మన పిల్లలే చూసి చెప్తరు. "నేను చూసుకుంట పో" అనే మాటకు మందు ఆ నంబరే. నకళ్లు ఇయ్యని వకీలును మార్చండి.

ఆరోది, పని తెలుసా లేదా అని అడిగి చూడండి. మనవాడు జైల్లో ఉంటే చార్జిషీటు వేయడానికి పోలీసులకు గడువు ఉంటది. కేసును బట్టి 60 రోజులు, పదేళ్లు అంతకన్న ఎక్కువ శిక్ష పడే పెద్ద నేరాలైతే 90 రోజులు. గడువు దాటితే బెయిలు అడిగే హక్కు వస్తది. పోలీసులు చార్జిషీటు వేయకముందే ఆ అర్జీ పెట్టాలె. ఒక్క రోజు ఏమరుపాటుగా ఉంటే హక్కు జారిపోతది. 2024 జూలై 1 నుంచి పాత సి.ఆర్.పి.సి. పోయి భారతీయ నాగరిక్ సురక్షా సంహిత వచ్చింది గాని ఈ లెక్క మారలేదు. "సార్, గడువు ఏ రోజుతో తీరుతది?" అని అడగండి. వేళ్ల మీద లెక్కపెట్టి చెప్తే ఆ వకీలు మేలుకొని ఉన్నట్టు.

అట్లనే ఎదురు కేసు గురించి అడగండి. ఒకే గొడవ మీద కేసు, ఎదురు కేసు ఉంటే రెంటినీ ఒకే జడ్జి ఒకదాని వెంట ఒకటి విచారించాలని 1990లోనే సుప్రీంకోర్టు చెప్పింది. దళితుల మీద దురుద్దేశంతో తప్పుడు కేసు పెట్టడమే ఒక నేరమని అట్రాసిటీ చట్టం 3(1)(పి) చెప్తున్నది. ఈ రెండు ముచ్చట్లు ఎత్తితే "అవును, ఆ అర్జీ పెడదాం" అంటే సరే. "అవన్నీ మీకెందుకు" అంటే ఇంకొక గుమ్మం చూసుకోండి.

ఏడోది, రాజీ మాట ముందు ఎవరి నోట్ల నుంచి వచ్చిందో గుర్తుపెట్టుకోండి. అట్రాసిటీ నేరాలు రాజీకి వీలైన నేరాల జాబితాలో లేవు. మనం అడగకముందే "తెగతెంపులు చేసుకోండి, నాలుగు పైసలు ఇప్పిస్త" అనే వకీలు మన తరఫున మాట్లాడుతలేడు. ఒక్కోసారి అలసిపోయి మనమే వెనక్కి తగ్గాలనుకోవచ్చు. ఆ నిర్ణయం ఇంట్ల, వాడల కూర్చొని మనం చేయాలె. వకీలు ఆఫీసు మెట్ల మీద చేసేది కాదు.

ఇంకో మాట అక్కల కోసం. కేసు ఆడమనిషిదైతే వకీలు ఆమెతో మాట్లాడాలె. మొగుణ్ణి, అన్నను కూర్చోబెట్టుకొని ఆమెను వరండాలో నిలబెట్టే వకీలు ఆమె కేసును ఏం అర్థం చేసుకుంటడు? వకీలుకు చెప్పిన మాట వకీలు బయటపెట్టరాదని సాక్ష్యాల చట్టమే చెప్తున్నది. ధైర్యంగా చెప్పుకోండి.

"మన కులపోడైతే చాలు గదా" అనే మాట చాలాచోట్ల విన్నం. మన పిల్లలు వకీళ్లు కావాలె, జడ్జీలు కావాలె. అది మన లక్ష్యం. మన బతుకు తెలిసినోడికి సగం కేసు చెప్పకముందే అర్థమైతది. కానీ కులం ఒక్కటే పూచీ కాదు. కె.జి. కన్నబిరాన్ గారు మన వాడలో పుట్టినవారు కాదు. 2010లో చనిపోయేదాకా పేదల కేసులు, ఎన్‌కౌంటర్ కేసులు, ఎవరూ ముట్టుకోని ముద్దాయిల కేసులు వాదించారు. మన వాడలో పుట్టి పెత్తందారు బ్యాగు మోసేవాళ్లనూ చూసినం. మాలా, మాదిగా అని మనల్ని చీల్చి "వాళ్ల వకీలు వద్దు, మీ వకీలును చూపిస్త" అనేవాడు ఎవరి మనిషో మీకు తెలుసు. పైన చెప్పిన ఏడు ప్రశ్నలు అందరికీ ఒకటే.

పైసల ముచ్చట. పైసలు లేవని బ్రోకరు చేతిలో పడొద్దు. 1987 న్యాయసేవల చట్టం 12వ సెక్షన్ కింద ఎస్సీ, ఎస్టీలకు, ఆడవాళ్లకు, జైల్లో ఉన్నవాళ్లకు ఆదాయంతో పని లేకుండా ఉచితంగా వకీలును పెట్టాలె. ఆదాయం సర్టిఫికెట్ తెమ్మంటే ఈ సెక్షన్ పేరు చెప్పండి. జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు అర్జీ పెట్టుకోవచ్చు. 15100 నంబరుకు ఫోన్ చేయొచ్చు. ముద్దాయి అడగకపోయినా ఈ హక్కు ఉంటదని 1986లో సుప్రీంకోర్టు చెప్పింది. ముద్దాయిల తరఫున పూర్తికాలం పనిచేసే వకీళ్లను పెట్టే పద్ధతిని 2022లో జాతీయ న్యాయ సేవాధికార సంస్థ తెచ్చింది. ఉచిత వకీలు అంటే పనికిరాని వకీలు అనుకోవద్దు. వాళ్లల్లో కొత్తగా వచ్చిన, చదువుకొని కసిగా పనిచేసేవాళ్లుంటరు, మొక్కుబడిగా వచ్చేవాళ్లూ ఉంటరు. వాళ్లనూ అవే ప్రశ్నలు అడగండి. పైసలు అడిగితే ఆ సంస్థకే ఫిర్యాదు చేయండి, మార్చమని అడగండి.

జామీను కాడ కూడా మనవాళ్లు ఆగమైతున్నరు. బెయిలు వచ్చినా షూరిటీ లేక జైల్లోనే ఉండేవాళ్లున్నరు. 1978లో మోతీరాం అనే తాపీ మేస్త్రీ కేసులో కింది కోర్టు పదివేల జామీను అడిగింది. సోదరుడి ఆస్తి వేరే జిల్లాలో ఉందని ఆ షూరిటీని తోసేసింది. సుప్రీంకోర్టు దాన్ని తప్పుపట్టి, వెయ్యి రూపాయల సొంత బాండు మీద విడిచిపెట్టమంది. జామీను తగ్గించమని అర్జీ పెట్టడం కూడా వకీలు పనే. "షూరిటీకి మనిషిని కొనాలె, ఇరవై వేలు తే" అంటే ఆ అర్జీ ఎందుకు పెట్టలేదని అడగండి.

వకీలును మార్చుకోవచ్చు. పాత వకీలు దగ్గర సమ్మతి తీసుకోవాలె, ఇయ్యకపోతే కోర్టు అనుమతితో మార్చుకోవచ్చు. ఫీజు బాకీ ఉందని ఫైలు పట్టుకొని కూర్చునే హక్కు వకీలుకు లేదని 2000లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. మోసం చేస్తే రాష్ట్ర బార్ కౌన్సిల్‌కు రాతపూర్వకంగా ఫిర్యాదు చేయొచ్చు. రసీదులు, నకళ్లు దాచుకున్నోళ్లకే ఆ దారి పనికొస్తది.

సర్కారు వకీలు ముచ్చట కూడా చెప్పాలె. మన అట్రాసిటీ కేసులో ఆయనే కీలకం. బాధితులు కోరితే పేరున్న సీనియర్ వకీలును పెట్టే అధికారం 1995 నియమాల కింద జిల్లా కలెక్టరుకు ఉంది. చుండూరులో 1991 ఆగస్టు 6న ఎనిమిది మందిని నరికి చంపినంక, బాధితులు పట్టుబట్టి ఊర్లోనే ప్రత్యేక కోర్టు పెట్టించుకున్నారు. తాము నమ్మిన వకీలు బి. చంద్రశేఖర్ గారినే ప్రత్యేక పీపీగా వేయించుకున్నారు. 2007 జూలై 31న ఆ కోర్టు 21 మందికి యావజ్జీవం వేసింది. 2014లో హైకోర్టు అందరినీ వదిలిపెట్టింది. మంచి వకీలును పెట్టుకుంటే గెలుపు ఖాయమని మేం చెప్పం, చుండూరే దానికి సాక్ష్యం. కానీ పదహారేళ్లు సాక్షులు చెదిరిపోకుండా నిలబడ్డరంటే, వాళ్ల వకీలు మీద వాళ్లకున్న నమ్మకం దానికి ఒక కారణం.

వకీలు చేయాల్సింది చెప్పినం. మనం చేయాల్సింది కూడా ఉంది. వకీలుకు అబద్ధం చెప్పొద్దు. ఆ రోజు మన చేతిలో కర్ర ఉంటే ఉందనే చెప్పండి. దాచిపెడితే అది సాక్షి నోట్ల నుంచి బయటపడ్డప్పుడు మన వకీలు మూగవాడైతడు. వాయిదా తప్పొద్దు. రాలేకపోతే ముందే వకీలుకు చెప్పి కోర్టుకు అర్జీ పెట్టించాలె. ఒప్పుకున్న ఫీజు ఇయ్యాలె. నిజాయితీగా పనిచేసే వకీలుకు కూడా ఇల్లు ఉంటది, పిల్లలుంటరు.

చివరగా ఒక పని పెట్టుకుందాం. కేసు పడ్డ రాత్రి బుగులుతో ఉన్న మనిషి వకీలును ఎంచుకోలేడు. ఎవరు చేయి పడితే వాళ్ల వెంట పోతడు. అందుకే ఎంచుకునే పని వాడ అంతా కలిసి, ప్రశాంతంగా ఉన్న రోజునే చేయాలె. ముగ్గురు బాధ్యులను పెట్టుకుందాం, అందులో ఒకరు ఆడమనిషి కావాలె. వాళ్లు నెలకు ఒక రోజు ఎల్.బి.నగర్ కోర్టుకు, ఇబ్రహీంపట్నం కోర్టుకు పోయి కూర్చొని చూసిరావాలె. మంచిగా పనిచేసే నలుగురైదుగురు వకీళ్ల పేర్లు రాసి పెట్టుకోవాలె. ప్రతి ఇంటి నుంచి నెలకు తోచినంత జమ చేసి, లెక్క అందరి ముందు చదవాలె. వాడలో ఉన్న ప్రతి కేసుకు ఒక ఫైలు ఉండాలె, నకళ్లన్నీ దాంట్లో ఉండాలె.

వచ్చే ఆదివారం ఇక్కడే మళ్లీ కూర్చుందాం. ఎవరింట్లో కేసు కాగితం ఉన్నా, పాతదైనా, చిరిగిందైనా, ట్రంకు పెట్టె అడుగున ఉన్నా సరే, తీసుకొని రండి. చదువుకున్న పిల్లలు ఒక్కో కాగితం చదివి అందరికీ వినిపిస్తరు. ఏ కేసు ఏ కోర్టులో ఉందో, వాయిదా ఎప్పుడో, వకీలు ఎవరో రాసుకుందాం. మొదట ఎవరి మీద ఏ కేసు ఉన్నదో మనకు తెల్వాలె. అక్కడి నుంచి మొదలుపెడదాం.

జై భీమ్!